ముందు సీటు

మా అక్క కస్తూరి సంచిలో అమ్మ చివరగా పెట్టింది దువ్వెన. పెట్టినదాన్ని తీసి చీరల మధ్యకు తోసింది. మళ్ళీ తీసి పైన పెట్టింది.

"దిగంగనే తల దువ్వుకోని ఇంట్లకు పో. రైలు గాలికి జుట్టంత పిచ్చిదాని లెక్క అయితది" అంది.

"వికారాబాద్ ఎంత దూరమే అమ్మా. జుట్టు చెదిరే లోపల్నే స్టేషన్ వస్తది" అని కస్తూరి నవ్వింది.

అది 1957 ఎండాకాలం. కొత్త పైసలు వచ్చిన ఏడు. పెళ్ళయిన పిల్ల మొదటిసారి అత్తగారింటికి పోయేటప్పుడు పుట్టింటి నుంచి ఒక ఆడపిల్ల తోడు పోయి కొన్నాళ్ళు ఉండి రావడం మా వ్యాపారస్తుల ఇళ్ళల్లో ఆనవాయితీ. ఆ తోడు నేను. అప్పటికి నాకు పదిహేనేళ్ళు. ఇప్పుడు మనవలున్నారు. అయినా ఇంట్లో ఎవరైనా సంచి సర్దుతుంటే నాకు ఒకచోట కూర్చోబుద్ధి కాదు. పొయ్యి ఆర్పారో లేదో చూసి వస్తాను, గొళ్ళెం లాగి చూసి వస్తాను, పోయేవాళ్ళను ఏ బండికి తిరిగి వస్తారని అడుగుతాను. వాళ్ళు చెప్పాక ఇంకోసారి అడుగుతాను.

మా నాయన మొగులప్పకు తాండూరు గంజ్‌లో కందుల దుకాణం. మా అన్న రాధాకిషన్‌కు కందుల మీద మనసు లేదు. దుకాణం పక్కన రేకుల కింద సైకిళ్ళు బాగుచేసేవాడు, అద్దెకిచ్చేవాడు. పోలీసు యాక్షన్ అయినాక ఊరు వదిలిపోయిన రైల్వే దొర ఒకాయన బంగళాలో ఇద్దరు కలిసి తొక్కే సైకిలు ఒకటి తుప్పు పట్టి పడి ఉంటే అన్న దాన్ని తెచ్చుకున్నాడు. ఆ చలికాలమంతా గీకి, కొత్త చెయిన్లు వేసి, ఆకుపచ్చ రంగు కొట్టాడు. ఊరంతా దాన్ని జోడు సైకిల్ అనేది. మా బావ వెంకటేశ్వర్ పెళ్ళిపీటల మీద నుంచి అక్కకంటే ఆ సైకిలునే ఎక్కువ చూశాడని మేము నవ్వుకునేవాళ్ళం. అప్పగింతలప్పుడు అందరూ ఏడుస్తుంటే ఆయన అన్న చెవిలో, "వచ్చేటప్పుడు గా సైకిల్ గూడ తీస్కరా బావా" అన్నాడట.

అందుకని మా వెంట అన్న కూడా బయలుదేరాడు. సైకిలును లగేజీ డబ్బాలో ఎక్కించి వచ్చేసరికి రైలు ఈల వేసింది. నాయన కిటికీ దగ్గర నిలబడి అన్నతో మెల్లగా చెప్పాడు.

"అల్లుని దగ్గర జర చూసి మసలుకో. నువ్వు దోస్తువు కాదు. పిల్లనిచ్చినోళ్ళ తరపోనివి."

"సరే నాయినా."

"ఆయన కూసున్నంక కూసో. ఆయన తిన్నంక తిను."

"సరే అన్న గదా."

రైలు కదిలింది. నాయన కిటికీ చువ్వ పట్టుకుని నాలుగడుగులు నడిచి వదిలేశాడు.

* * *

వికారాబాద్‌లో అక్క మామగారు బిచ్చయ్యకు బజారులో బట్టల దుకాణం. ఇల్లు దుకాణం వెనకే. అత్తగారు కాశమ్మ చెడ్డ మనిషేమీ కాదు. అక్కకు మొదటిరోజే తాళం గుత్తి ఇచ్చి, "నాకు నడుము వంగుత లేదు తల్లీ, ఇగ నువ్వే చూసుకో" అంది. వెంకటేశ్వర్ ఒక్కడే కొడుకు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. నవ్వితే కళ్ళు మూసుకుపోయేవి.

రోజూ పొద్దున దుకాణం తెరవకముందు బావ, అన్న సైకిలు తీసేవారు. మొదటిరోజు వాకిట్లో దాన్ని నిలబెట్టి అన్న విప్పి చెప్పాడు. గోడ పక్కన నేను, తలుపు చాటున అక్క వింటున్నాం.

"చూడు బావా. ముంగటోడు నడుపుతడు. ఎనకటోడు తొక్కుతడు, అంతే. ఎనక ఉన్న హ్యాండిల్ తిరగదు, పట్టుకోనీకె పెట్టిండ్రు. బ్రేకులు రెండు ముంగటికే."

"అంటే ఎనకటోడు ఎడ్డోడు."

"ఎడ్డోడు కాదు, నమ్మినోడు."

"అయితే నేను నమ్మినోన్ని. మామూలు సైకిలే నేను రెండుసార్లు మోరీల ఏసిన. నువ్వు నడుపు, నేను కాళ్ళాడిస్త."

అట్లా ముందు అన్న, వెనక బావ. బజారు ఈ కొస నుంచి ఆ కొస దాకా పోయి వచ్చేవారు. బావ వెనక నుంచి గంట కొట్టమని అరిచేవాడు. గంట కూడా ముందే ఉంది. ఒకనాడు అన్నం వడ్డిస్తుంటే అక్కతో, "గా దొర, దొరసాని కలిసి తొక్కేటోళ్ళంట. నీకు నేర్పిస్త. ఊరి బయట, ఎవరు చూడని కాడ" అన్నాడు. అక్క సిగ్గుపడి గరిటె పట్టుకునే లోపలికి పోయింది. వారమంతా ఆ మాట నాకు చెప్పింది. "చీర కుచ్చిళ్ళు చెయిన్ల పడవానే ఈశ్వరీ?" అని అడిగేది.

ఒకరోజు దుకాణం ముందు బండలమీద కూర్చున్న వాళ్ళలో ఎవరో బిచ్చయ్యను కదిలించారు.

"ఏం సేటూ, కోడలి అన్న నీ కొడుకును ఎనక కట్టుకోని బజారంత తిప్పుతుండు. కోడల్ని తెచ్చుకున్నవా, కొడుకునిచ్చుకున్నవా?"

అందరూ నవ్వారు. బిచ్చయ్య కూడా నవ్వాడు. మధ్యాహ్నం అన్నం దగ్గర మాత్రం కొడుకు ముఖం చూడకుండా తిన్నాడు. లేచి చెయ్యి కడుక్కుంటూ అన్నాడు.

"గా సైకిల్ మీద ఎవరు ముంగట కూసుంటుండ్రు?"

"రాధాకిషన్ బావ."

"ఎందుకు?"

"నాకు రాదు గనక నాయినా."

బిచ్చయ్య తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని పోయాడు.

* * *

కొడుకు పెళ్ళయితే జంటను అనంతగిరి గుట్ట మీద స్వామి దర్శనానికి తీసుకువస్తానని కాశమ్మ మొక్కుకుంది. దానికి నాయన కూడా తాండూరు నుంచి ముందురోజు వచ్చాడు. ఆడవాళ్ళకు ఒక ఎడ్లబండి, మగవాళ్ళకు ఒకటి. సైకిలు మీద వస్తామని బావ అడిగాడు. బిచ్చయ్య సరే అన్నాడు.

తెల్లవారి బండ్లు కట్టారు. ఇరుగుపొరుగు వాకిళ్ళలోకి వచ్చి చూస్తున్నారు. అన్న సైకిలు తెచ్చి ముందు సీటు ఎక్కబోతుంటే బిచ్చయ్య ఆపాడు.

"వెంకటేశూ, నువ్వు ముంగట కూసో."

బావ నవ్వాడు. "నాకు గది నడుపుడు రాదు నాయినా. ఎనకనే మంచిగుంటది."

"మొక్కుకు పోతున్నం. ఊరంత చూస్తది. పెండ్లికొడుకు ఒకని ఈపు చూసుకుంట గుడికి పోతడా?"

అన్న సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. "మామా, ఒక్క మాట. బ్రేకు ముంగటికే ఉన్నది. ఎక్కేటప్పుడు ఫికర్ లేదు. దిగేటప్పుడు గుట్ట వాలు, మలుపులు. జర టైమియ్యిండ్రి, బ్రేకు ఎనకకు మార్చుత. అప్పుడు బావ ముంగట కూసున్నా నేను ఆపగలుగుత."

"ఎంత సేపు?"

"ఒక పూట."

"వర్జ్యం వస్తది" అంది కాశమ్మ బండిలో నుంచి. "ఎండ గూడ ఎక్కుతది. కొబ్బరికాయలు గంపల పెట్టుకోని ఎంతసేపు కూసోవాలె."

అన్న నాయన వైపు చూశాడు. ఒక మాట సాయం అంటాడని చూశాడు. నాయన బండి చక్రం పక్కన నిలబడి ఉన్నాడు. అందరి కళ్ళూ తన మీద ఉన్నాయని ఆయనకు తెలుసు.

"రాధాకిషన్" అన్నాడు. "అల్లునికి ఈపు చూపి కూసుంటవా? ఎనకకు పో."

అన్న పక్కకు జరిగాడు. హ్యాండిల్ పట్టుకుని, "ఎక్కు బావా" అన్నాడు. బావ ఎక్కాడు. ఎక్కి, నాకు వినపడేటంత మెల్లగా, "నువ్వు ఎనక నుంచి చెప్పు. నేను తిప్పుత" అన్నాడు.

పోయేటప్పుడు ఏమీ కాలేదు. గుట్ట ఎక్కేచోట ఇద్దరూ దిగి సైకిలును తోసుకుంటూ వచ్చారు. గుడిలో బావకు పూలదండ వేశారు. కొబ్బరికాయ సమంగా పగిలిందని కాశమ్మ సంతోషపడింది. చెట్ల కింద పులిహోర తిన్నాం. బావ అక్కకు ఎదురుగా కూర్చుని తింటూ ఒక మెతుకు తన మీసానికి అంటుకుంటే తెలిసీ తుడుచుకోలేదు. అక్క నవ్వు ఆపుకోలేక పొలమారింది.

దిగేటప్పుడు మా బండి ముందు బయలుదేరింది. వెనక సైకిలు, దాని వెనక మగవాళ్ళ బండి. బండి వెనకవైపు కాళ్ళు వేలాడేసుకుని నేను, అక్క కూర్చున్నాం కాబట్టి మాకు అంతా కనపడుతుంది. అన్న, బావ సైకిలును నడిపించుకుంటూ వస్తున్నారు. అట్లా కిందిదాకా నడిచివద్దామని గుడి దగ్గర అనుకున్నారు.

గుడి నుంచి దిగే జనం చాలామంది ఉన్నారు. బిచ్చయ్య బండిలో నుంచి కేక వేశాడు.

"ఏంది నడుస్తుండ్రు? చెడిపోయిందా?"

"లేదు మామా. వాలు ఉన్నదని" అన్నాడు అన్న.

"దున్నపోతును తోలినట్టు తోలుకుంట వస్తుండ్రు. జనం నవ్వుతుండ్రు. ఎక్కుండ్రి."

ఆ బండిలో నాయన కూడా ఉన్నాడు. బావ, అన్న ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎక్కారు.

మా బండిని దాటిపోయేటప్పుడు బావ గంట కొట్టాడు. అక్క వైపు తిరగలేదు. తిరిగితే హ్యాండిల్ తిరుగుతుందని భయం. పళ్ళు బిగపట్టి దారినే చూస్తున్నాడు. వెనక నుంచి అన్న మాటలు వినపడ్డాయి. మెల్లగనే చెప్తున్నాడు.

"పట్టు బావా. రెండు పట్టు. మెల్లగ. ముంగటిది ఒక్కటే గట్టిగ పట్టకు. గట్ల. గట్లనే."

ఆ తర్వాత గొంతు మారింది.

"బావా, పట్టు. పట్టు."

అన్న రెండు కాళ్ళూ నేలమీద పెట్టి ఈడ్చాడు. చెప్పులు ఊడిపోయి దారిమీద పడ్డాయి. సైకిలు ఆగలేదు. మలుపు దగ్గర దారి తిరిగింది, సైకిలు తిరగలేదు. రోడ్డు పనికి పోసిన కంకర కుప్ప ఒకటి అక్కడ ఉంది.

మా బండివాడు ఎడ్లను ఆపాడు. నేను దిగి ఉరికాను. చెప్పుల దగ్గర నుంచి కంకర కుప్ప దాకా మట్టిమీద రెండు తడి గీతలు ఉన్నాయి. అవి అన్న పాదాలవి.

బావ ఆ సాయంత్రం దవాఖానలో చనిపోయాడు.

* * *

పోలీసు జమేదారు వచ్చి అందరినీ అడిగాడు. రెండు వైపుల పెద్దలూ ఒకే మాట చెప్పారు. వాలులో సైకిలు ఆగలేదు, ఎవరి మీదా అనుమానం లేదు. అతను అదే రాసుకుని పోయాడు. అన్న అప్పుడు దవాఖానలో ఉన్నాడు. భుజం ఎముక విరిగింది. పాదాల కింద తోలు లేదు.

అమ్మ తాండూరు నుంచి వచ్చి అక్క పక్కన కూర్చుంది. పదో రోజు జరగవలసింది జరిగింది. నేను దాన్ని చూడలేదు. వెనక దొడ్లో బావి దగ్గర నిలబడి చెవులు మూసుకున్నాను. గాజుల చప్పుడు అయినా వినపడింది.

అంతకుముందే ఇంట్లో ఒక మాట తిరగడం మొదలయింది. ఎవరు పుట్టించారో తెలియదు. పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళు అక్క ఉన్న వెనక గది వైపు చూసి గొంతు తగ్గించేవాళ్ళు. కాశమ్మ ఒకరోజు గోడకు ఒరిగి కూర్చుని ఎవరితో కాకుండా అంది.

"ఆ పిల్ల కాలు పెట్టి నెల తిరగలే. ఇరవై ఏండ్లు పెంచిన నేను, ఒక్క దెబ్బ తగలనియ్యలే."

ఆ మధ్యాహ్నం అక్క చేతిలో నుంచి తాళం గుత్తి తీసుకున్నారు.

కర్మలు అయినాక ముందు సావడిలో పెద్దలు కూర్చున్నారు. కస్తూరి ఎక్కడ ఉండాలన్నది తేల్చడానికి. ఒక పక్క బిచ్చయ్య, ఒక పక్క నాయన. అన్నను దవాఖాన నుంచి బండిలో తెచ్చారు. నిలబడలేడు కనుక గడప మీద కూర్చున్నాడు. పాదాలకు కట్లు. ఆడవాళ్ళం తలుపు వెనక ఉన్నాం. అక్క మాత్రం వెనక గదిలో ఉంది.

వాళ్ళలో పెద్దాయన మొదలుపెట్టాడు. మంచి గొంతు ఆయనది. పదిమందిని సముదాయించి అలవాటున్న గొంతు.

"ఇందుల ఎవరి తప్పు లేదు. అట్ల రాసి ఉన్నది. ఆ పిల్ల వచ్చిన వేళ బాగలేదు, దానికి ఆ పిల్ల మాత్రం ఏం జేస్తది. బిచ్చయ్య పెద్ద మనసుతోని ఇంట్ల ఉంచుకుంటనంటుండు. ఒక మూలకు ఉంటది. ఏమంటవ్ మొగులప్పా?"

నాయన తల ఊపాడు.

"రాత గాదు" అన్నాడు అన్న.

అందరూ అతని వైపు తిరిగారు.

"రాత గాదు పెదనాయినా. మా కస్తూరి వచ్చిన వేళ గాదు. ఆ సైకిల్ నాది. ముంగట కూసునేటోనికి చేతనయి ఉండాలె, లేకుంటే ఆ వాలుల ఆగదు. నాకు తెలుసు. ఆయన గూడ నాకు రాదన్నడు. తెలిసి నేను ఎక్కు బావా అన్న. గుట్ట మీద నడిచి దిగుదామనుకున్నం. మల్ల ఎక్కినం. నేను ఎక్కనంటే ఆ సైకిల్ కదలదు. రెండుసార్లు అనొచ్చు. రెండుసార్లు అనలే. ఆయన సచ్చింది నేను ఎక్కబట్టి."

అంతే చెప్పాడు. ఎవరు ఎక్కమన్నారో చెప్పలేదు. చెప్పి, ముందు బిచ్చయ్య వైపు, తర్వాత నాయన వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. వాళ్ళు మాట్లాడడానికి జాగా ఇచ్చినట్టు చూశాడు.

బిచ్చయ్య నేలమీద పరిచిన బండల సందులను చూస్తున్నాడు.

పెద్దాయనకు ఇది నచ్చలేదు. "మొగులప్పా, నీ కొడుకు గిట్లంటుండు. నువ్వు ఆడున్నవ్ గదా. ఏమయింది?"

నాయన గొంతు సవరించుకున్నాడు. సావడి అంతా ఆగింది. తలుపు వెనక అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"జర నీళ్ళియ్యిండ్రి" అన్నాడు నాయన.

చెంబుతో నీళ్ళు వచ్చాయి. తాగాడు. మూతి తుడుచుకున్నాడు. చెంబు పక్కన పెట్టాడు.

"పిలగాడు. దెబ్బ తగిలింది, మనసు చెదిరింది" అన్నాడు.

నాకు ఏం వచ్చిందో తెలియదు. తలుపు వెనక నుంచే అన్నాను. "బావ ఎనకనే కూసుంటనన్నడు. అన్న బ్రేకు మారుస్తనన్నడు. పెద్దోళ్ళే..." అంతవరకే. అమ్మ చెయ్యి నా నోటి మీద పడింది. లోపలికి లాక్కుపోయింది. సావడిలో ఎవరూ తలుపు వైపు తిరగలేదు. ఆడపిల్ల మాట అక్కడ మాట కాదు.

తర్వాత బిచ్చయ్య మొదటిసారి నోరు తెరిచాడని అమ్మ చెప్పింది.

"వాడే ఒప్పుకున్నడు గదా. అట్లనే కానీండ్రి. వాడు నా గడప తొక్కొద్దు."

"మరి నా బిడ్డ?" అని అమ్మ తలుపు వెనక నుంచి అడిగిందట.

దానికి కాశమ్మ అమ్మను పేరు పెట్టి పిలిచి జవాబు ఇచ్చింది. "అన్న తప్పు అయితే చెల్లె అడుగు మంచిదయితదా సత్యమ్మా?"

అన్న ఆ మాటలన్నీ చెప్పింది కస్తూరి కోసం. కస్తూరి మీది మచ్చ అట్లాగే ఉంది. అన్న మీద ఇంకొకటి పడింది. రెంటిలో ఏదీ రెండోదాన్ని చెరపలేదు.

మేము బయలుదేరేముందు అన్న గోడ పట్టుకుని, మడమల మీద నడిచి వెనక గదిదాకా పోయాడు. అక్క చాప మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది.

"కస్తూరీ."

అక్క తిరగకుండానే అంది.

"ఆయన వద్దన్నడు గదా అన్నా."

"అన్నడు."

"నువ్వు గూడ వద్దన్నవ్."

"అన్న."

"ఇద్దరికి తెలుసు."

"తెలుసు."

"మరెందుకు ఎక్కిన్రు?"

నాయన అన్నాడని చెప్పవచ్చు. బిచ్చయ్య అన్నాడని చెప్పవచ్చు. అన్న తలుపు చట్రం మీద తల ఆనించి నిలబడ్డాడు.

"నువ్వు రాకు అన్నా" అంది అక్క. "నీ గొంతు వింటే నాకు గదే వినొస్తది. పట్టు బావా, పట్టు బావా అని."

* * *

తాండూరులో అమ్మ అన్న కాళ్ళకు వెన్న రాసి గుడ్డలు చుట్టేది. రేకుల కింద సైకిళ్ళకు దుమ్ము పట్టింది. అద్దెకు అడగడానికి వచ్చినవాళ్ళు అన్న ముఖం చూసి వెనక్కు పోయేవారు. జోడు సైకిలు ఏమయిందో నాకు తెలియదు. వికారాబాద్ నుంచి ఎవరూ తేలేదు, ఎవరూ అడగలేదు.

మొదటి వానలు పడ్డ రోజుల్లో ఒక మధ్యాహ్నం నాయన అన్నానికి వచ్చాడు. అన్న ఎదురుగా కూర్చున్నాడు. నేను వడ్డిస్తున్నాను.

"నాయినా, వికారాబాద్ పోదాం."

నాయన చారు పోసుకున్నాడు.

"నేను గడప తొక్క. బయట నిలబడ్త. నువ్వు లోపలికి పోయి ఒక్క మాట అను. ఎనక కూసోమన్నది నేనే అని. నువ్వంటే బిచ్చయ్య మామ గూడ అంటడు. ఆయన గూడ దాన్ని మోసుకుంటనే తిరుగుతుండు, నేను చూసిన."

"అంటే పోయినోడు వస్తడా?"

"రాడు. కస్తూరి మీదికెళ్ళి ఆ మచ్చ పోతది."

"నువ్వు చెప్పినవ్ గదా పదిమందిల. పోయిందా?"

"నేను నా వంతు చెప్పిన. నీ వంతు నేను చెప్పలే. అది నువ్వు చెప్పాలె."

నాయన చెయ్యి పళ్ళెంలో ఆగింది. "అల్లునికి మర్యాద జేసిన. ఏ తండ్రి అయినా అదే జేస్తడు. అది తప్పంటవా?"

"తప్పే నాయినా. నీది తప్పే, విన్న నాది తప్పే."

"రేపు గంజ్‌ల ఎట్ల కూసోవాలె నేను? సొంత అల్లుని..."

"కస్తూరి ఎట్ల కూసున్నదో చూసినవా?"

నాయన అన్నం సగంలో లేచాడు. బయట అరుగు మీద చెయ్యి కడుక్కున్నాడు. "వాన ఆగింది. దుకాణం తెరవాలె" అని పోయాడు. పళ్ళెంలో చారు చల్లారింది. అమ్మ ఆ పళ్ళెం తియ్యలేదు. నేనూ తియ్యలేదు.

తెల్లవారి అన్న నాకు చెప్పి బయలుదేరాడు, అమ్మకు చెప్పలేదు. వాడి జంక్షన్ దాకా పోయి వస్తానన్నాడు. పాదాలకు గుడ్డలు చుట్టి వాటిమీద పెద్ద బూట్లు వేసుకున్నాడు, ఎవరివో. నాకు నమ్మకం కలగక స్టేషన్ దాకా వెంట పోయాను. దారిలో రెండుచోట్ల కూర్చున్నాడు. బండి వచ్చింది. ఎక్కడానికి నేను మోచెయ్యి పట్టుకోవలసి వచ్చింది.

"ఎప్పుడొస్తవ్ అన్నా?"

"నాయిన చెప్పిన నాడు."

"చెప్పకుంటే?"

అన్న నా నెత్తి మీద చెయ్యి పెట్టి తీశాడు. "ఇంటికి పో. వానొస్తది" అన్నాడు.

అన్న పోయినాక అమ్మ కొన్ని నెలలు అతని వంతు అన్నం వండింది. నాయన వద్దనలేదు. పొట్లాలు కట్టే పాత పేపర్ల మీద కూడబలుక్కుని నేను చదవడం నేర్చుకున్నది ఆ రోజుల్లోనే. వాడి నుంచి బండ్లు పోయే షోలాపూర్ అని, బొంబాయి అని కనపడితే ఆ ముక్క చింపి పెట్టుకునేదాన్ని. మనుషుల పేర్లు ఉంటే ఒక్కొక్కటీ చదివేదాన్ని. అతని పేరు ఎక్కడా లేదు.

నాయన ఒకసారి, 1961లో, ఎవరికీ చెప్పకుండా వికారాబాద్ పోయాడు. సాయంత్రం బండికే తిరిగి వచ్చాడు. అమ్మ అడిగితే, "పోయిన. బిచ్చయ్య దుకాణంల గిరాకీ ఉండె. చాయ్ తాగిచ్చిండు. మాట్లాడనీకె కుదరలే" అన్నాడు.

"కస్తూరిని చూసినవా?"

"నీళ్ళు తెచ్చిచ్చింది."

"ఏమన్నది?"

"ఏమనలే."

ఆ తర్వాత ఆయన మళ్ళీ పోలేదు. 1963లో చనిపోయాడు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. బిచ్చయ్య కూడా అనలేదు. ఇద్దరినీ ఊరు మర్యాదస్థులనే సాగనంపింది.

కస్తూరి వికారాబాద్‌లో ఆ వెనక గదిలోనే ఉండి 1966లో కామెర్లతో చనిపోయింది. అత్తగారింటికి పోయినాక తాండూరుకు ఒక్కసారి కూడా రాలేదు. రాధాకిషన్ 1957 జూన్‌లో వాడి జంక్షన్ పోయే బండి ఎక్కాడు. తిరిగి రాలేదు.